ఢిల్లీలో ఏ నెలలో ఏం తినాలి, ఏం చూడాలి, ఎక్కడ తిరగాలి

ఉద్యోగానికో, చదువుకో, సివిల్స్ కోచింగ్‌కో ఢిల్లీ చేరిన తెలుగువాళ్లలో చాలామంది మొదటి ఏడాదంతా ఊరిని తిట్టుకుంటూ గడిపేస్తారు. మే, జూన్‌లలో వడగాలి. నవంబర్‌లో పొగ. జనవరిలో పొగమంచు, ఎముకలు కొరికే చలి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో వాన లేకపోతే చాలు, ఏ ఆదివారం సాయంత్రమైనా పిల్లల్ని తీసుకుని బయటపడొచ్చు. ఇక్కడ అలా కుదరదు. తినే తిండి దగ్గర్నుంచి తిరిగే తోట దాకా అన్నీ నెలను బట్టి మారతాయి. ఎక్కడికి వెళ్లాలన్న దానికంటే ఎప్పుడు వెళ్లాలన్నదే ముందు తేల్చుకోవాలి.

ఈ ఊరికి ఇంకో ప్రత్యేకత ఉంది. ఇక్కడి సరదాలకు పెద్ద ఆతిథేయి ప్రభుత్వమే. మ్యూజియంలు, అకాడమీలు, రాష్ట్రాల భవన్‌లు, తోటలు చాలావరకు రాజధాని కావడం వల్ల వచ్చినవే. వేరే మహానగరాల్లో జేబు బరువును బట్టి దొరికే వాటిలో సగం ఇక్కడ ఉచితంగానో, నామమాత్రపు టికెట్‌తోనో దొరుకుతాయి. పీజీ గదిలో ఉండే విద్యార్థి కూడా కాస్త తెలివిగా ప్లాన్ చేసుకుంటే ఏడాదంతా మంచి చిత్రకళ, మంచి నాట్యం చూడగలడు. ఆ ప్రభుత్వం ఇవ్వలేకపోతున్నదల్లా పీల్చడానికి మంచి గాలి. అందుకే ఈ ఊళ్లో విహారం గురించి మాట్లాడితే గాలి గురించి కూడా మాట్లాడక తప్పదు.

అక్టోబర్: దీపావళికి ముందు

వానలు వెనక్కి తగ్గాక, దీపావళి పొగ కమ్మకముందు దొరికే మూడు, నాలుగు వారాలు బంగారం లాంటివి. నడిచి చూడాల్సినవన్నీ అప్పుడే చూసేయాలి. లోధీ కాలనీ అందుకు బాగుంటుంది. 1940లలో బ్రిటిష్ ప్రభుత్వం ఉద్యోగుల కోసం కట్టిన క్వార్టర్లవి. ఎత్తైన కమాన్లున్న ఆ పొడవాటి గోడల మీద గత పదేళ్లుగా స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ దేశవిదేశాల చిత్రకారుల చేత భారీ బొమ్మలు వేయిస్తోంది. ఖన్నా మార్కెట్, మెహర్‌చంద్ మార్కెట్ల మధ్య వీధుల్లో గంటన్నర నడిస్తే యాభైకి పైగా ఉన్న ఆ బొమ్మల్లో చాలావాటిని చూడొచ్చు. టికెట్ లేదు, గేటు లేదు. అయితే ఆ గోడల వెనుక కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. ఫొటోల కోసం వాళ్ల గుమ్మాలకు అడ్డం నిలబడటం మర్యాద కాదు.

మెహ్రౌలీలో వానలు తగ్గాక జరిగే పూల ఉత్సవం ‘ఫూల్ వాలోం కీ సైర్’. మొఘల్ చక్రవర్తి రెండో అక్బర్ షా కాలంలో, 1812 ప్రాంతంలో మొదలైంది. పూలతో అల్లిన పెద్ద విసనకర్రలను ఊరేగింపుగా తీసుకెళ్లి ఖ్వాజా బఖ్తియార్ కాకీ దర్గాలోనూ, యోగమాయ గుడిలోనూ సమర్పిస్తారు. 1942లో బ్రిటిష్ వాళ్లు ఆపించారు. 1960ల మొదట్లో నెహ్రూ చొరవతో మళ్లీ మొదలైంది. ఏటా తేదీ మారుతుంది కాబట్టి ముందుగా కనుక్కుని వెళ్లాలి. ఇంచుమించు ఈ రోజుల్లోనే తెలంగాణ భవన్‌లో బతుకమ్మ ఆడతారు. పూల మీదే నడిచే రెండు పండుగలు ఒకే ఊళ్లో ఒకే కాలంలో జరుగుతుంటే, రెండూ చూసినవాళ్లు ఎంతమంది ఉంటారన్నది అనుమానమే.

చలికాలం: నోటికి పండుగ, ఊపిరికి పరీక్ష

ఢిల్లీ తిండి అసలు రుచి నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకానే. ‘దౌలత్ కీ చాట్’ అని చాందినీ చౌక్, కినారీ బజార్ సందుల్లో ఉదయం పూట అమ్ముతారు. పేరులో చాట్ ఉన్నా ఇది కారం కాదు. పాలను చలి రాత్రిలో చిలికి, పైకి తేలిన నురుగును తీసి, కుంకుమపువ్వు, చక్కెర పొడి, కోవా చల్లి ఇస్తారు. నోట్లో పెట్టుకుంటే ఏమీ మిగలదు. ఎండ ముదిరితే కరిగిపోతుంది కాబట్టి పదకొండు దాటాక వెతుక్కోవడం దండగ. లక్నోలో దీన్నే మక్ఖన్ మలాయి అని, కాశీలో మలైయో అని అంటారు. జామా మసీదు దగ్గర తెల్లవారుజామున నిహారీ, బండ్ల మీద నిప్పుల్లో కాల్చిన చిలగడదుంప, ముల్లంగి తురుము చల్లిన రామ్ లడ్డూలు, ఎర్ర గాజర్ హల్వా కూడా ఈ కాలానివే. మన దగ్గర దొరికే నారింజ రంగు క్యారెట్‌తో ఆ హల్వా చేస్తే ఆ రుచి రాదు.

చిక్కంతా ఇక్కడే. తిండి బాగుండే నెలల్లోనే గాలి బాగుండదు. వాయు నాణ్యత సూచీ 201 దాటితే ‘పూర్’, 301 దాటితే ‘వెరీ పూర్’, 401 దాటితే ‘సివియర్’ అని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క. ఈ మెట్లను బట్టి ‘గ్రాప్’ ఆంక్షలు ఒక్కొక్కటిగా అమలవుతాయి. నిర్మాణ పనులు ఆగుతాయి, కొన్ని రకాల వాహనాలను రోడ్డెక్కనివ్వరు, పరిస్థితి ముదిరితే స్కూళ్లు ఆన్‌లైన్‌కు మారతాయి. మండలి ‘సమీర్’ యాప్‌లో మీ పేటకు దగ్గరి కేంద్రం అంకె చూసి బయల్దేరడం ఇక్కడ గొడుగు తీసుకెళ్లడం లాంటి అలవాటు కావాలి. మూడొందలు దాటిన రోజు పిల్లలతో, ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లతో పాత ఢిల్లీ సందుల్లో తిరగడం తెలివైన పని కాదు. ఒక వాన పడ్డా, గట్టిగా గాలి వీచినా ఒకటి రెండు రోజులు ఆకాశం తేటపడుతుంది. అలాంటి రోజు కోసం కాచుకుని ఉండి, ఆ పొద్దున్నే దౌలత్ కీ చాట్‌కు పరుగెత్తాలి.

గాలి బాగోలేని సాయంత్రాలకు మండీ హౌస్ ఉంది. రవీంద్ర భవన్‌లో సాహిత్య, సంగీత నాటక, లలిత కళా అకాడమీలు మూడూ ఒకే కప్పు కింద ఉన్నాయి. హబీబ్ రహమాన్ డిజైన్ చేసిన ఆ భవనం 1961 నాటిది. ఎదురూ బొదురూ త్రివేణి కళా సంగమ్, కమానీ ఆడిటోరియం, శ్రీరామ్ సెంటర్, నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా. సంగీత, నాట్య కార్యక్రమాలకు చలికాలమే సీజన్. కూచిపూడి చూడాలనుకుంటే రాజా రెడ్డి, రాధా రెడ్డి దంపతుల సంస్థ నాట్య తరంగిణి ఇక్కడిదే. ఆదిలాబాద్ నుంచి వచ్చి 1976లో దాన్ని స్థాపించారు. ఆ సంస్థ ఏటా ‘పరంపర’ పేరుతో సంగీత నృత్యోత్సవం జరుపుతుంది. ఢిల్లీలో కూచిపూడికి దక్కిన గౌరవంలో ఈ జంట వాటా చాలా పెద్దది.

ఫిబ్రవరి: అన్నీ ఒక్కసారే

ఫిబ్రవరిలో ఊరు ఒక్కసారిగా ఒళ్లు విరుచుకుంటుంది. రాష్ట్రపతి భవన్‌లోని తోటకు 2023 జనవరిలో అమృత్ ఉద్యాన్ అని పేరు మార్చారు. సాధారణంగా ఫిబ్రవరి మొదట్లో తెరిచి మార్చి చివరి దాకా ఉంచుతారు. ప్రవేశం ఉచితం, సోమవారం సెలవు, ఆన్‌లైన్‌లో ముందుగా బుక్ చేసుకోవచ్చు. ఆదివారం వెళ్తే పూల కంటే తలలే ఎక్కువ కనిపిస్తాయి. అదే సమయంలో రాయబార కార్యాలయాలుండే శాంతి పథ్ పొడవునా నెదర్లాండ్స్ నుంచి తెప్పించిన తులిప్‌లు పూస్తాయి. బుకింగ్ గొడవ లేదు కాబట్టి నా ఓటు వీటికే.

ఫరీదాబాద్‌లో సూరజ్‌కుండ్ హస్తకళల మేళా 1987 నుంచి జరుగుతోంది. 2011లో ఆంధ్రప్రదేశ్, 2016లో తెలంగాణ అక్కడ థీమ్ రాష్ట్రాలు. కలంకారీ, పోచంపల్లి ఇక్కత్, ఏటికొప్పాక బొమ్మలు చేసినవాళ్ల చేతి నుంచే కొనుక్కునే అవకాశం అది. బదర్‌పూర్ బోర్డర్ మెట్రోలో దిగి ఆటో ఎక్కడం మేలు. సొంత కారులో శనివారం వెళ్తే మేళా కంటే ట్రాఫిక్‌నే ఎక్కువసేపు చూడాల్సి వస్తుంది. ఓఖ్లాలో ఇండియా ఆర్ట్ ఫెయిర్ కూడా ఈ నెలలోనే. మేళా తప్పిపోతే ఐఎన్‌ఏ దగ్గరి దిల్లీ హాట్ ఏడాదంతా ఉంటుంది.

పక్షులు చూడాలంటే ఫిబ్రవరి దాటనివ్వొద్దు. గురుగ్రామ్ దగ్గరి సుల్తాన్‌పూర్, నోయిడా అంచున ఓఖ్లా పక్షి కేంద్రం. నేలపట్టు, పులికాట్ చూసినవాళ్లకు ఇవి చిన్నవిగానే అనిపిస్తాయి. కానీ హిమాలయాలు దాటి వచ్చిన బాతులు మెట్రో నగరం పక్కన దిగడం చూడదగ్గదే. సుల్తాన్‌పూర్‌ను వేసవి, వానాకాలాల్లో మూసేస్తారు.

వేసవి: అశోకా రోడ్డు నుంచి జైపూర్ హౌస్ దాకా

ఎండలు ముదిరాక గోడల మధ్యే విహారం. ఇండియా గేట్ దగ్గర జైపూర్ మహారాజు భవనంలో నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 1954లో మొదలైంది. ప్రారంభించింది అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. అమృతా షేర్‌గిల్ చిత్రాల పెద్ద నిధి ఇక్కడే ఉంది. పారిస్‌లో నేర్చుకున్న చేయి అజంతాను, దక్షిణాదిని చూశాక ఎలా మారిందో ఆ చిత్రాలను వరుసగా చూస్తే అర్థమవుతుంది. బయట పచ్చికలో దేవీప్రసాద్ రాయ్ చౌధురి ‘శ్రమ విజయం’ శిల్పం ఉంది. చెన్నై మెరీనాలో చూసింది ఇదే. మద్రాసు కళాశాలలో ఆయన దగ్గర చదువుకున్న తెలుగు చిత్రకారులు చాలామంది.

జన్‌పథ్‌లోని నేషనల్ మ్యూజియంలో తెలుగువాళ్లు ముందు వెతకాల్సింది నాగార్జునకొండ శిల్పాలను. ఇక్ష్వాకుల కాలపు సున్నపురాయి పలకలవి. అవి నిలిచిన లోయ ఇప్పుడు సాగర్ జలాశయం అడుగున ఉంది. మ్యూజియాన్ని నార్త్, సౌత్ బ్లాక్‌లకు తరలించే ప్రణాళిక ఉంది కాబట్టి ఏ గదులు తెరిచి ఉన్నాయో కనుక్కుని వెళ్లండి. రెండు చోట్లా సోమవారం సెలవు.

మధ్యాహ్నం భోజనానికి వీటికి దగ్గర్లోనే అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్. కూపన్ తీసుకుని వరుసలో నిలబడాలి, తెలియనివాళ్లతో ఒకే టేబుల్ పంచుకోవాలి. పప్పు, పొడి, నెయ్యి, పచ్చడి, మారు వడ్డన. ఆదివారం బిర్యానీకి వచ్చేవాళ్లలో తెలుగు రానివాళ్లే ఎక్కువ కనిపిస్తారు. ఇంట్లో చేసే రుచి ఆశించి వెళ్తే కొంచెం నిరాశే. ఇంటికి దూరంగా ఆరు నెలలు రొట్టెలు తిన్నాక వెళ్తే అదే అమృతం. పక్కనే నిజాం కోసం లుట్యెన్స్ కట్టిన హైదరాబాద్ హౌస్, ఇప్పుడు విదేశీ అతిథులతో ప్రధాని సమావేశాల వేదిక. రాష్ట్రం విడిపోయి పదేళ్లకు, 2024లో గానీ ఈ భవన్ స్థలం పంపకం తేలలేదు. ఇతర రాష్ట్రాల రుచులూ చూడాలంటే జంతర్ మంతర్ రోడ్డులో కేరళ హౌస్ క్యాంటీన్ ఉంది.

ఏప్రిల్, మే నెలల్లో ఢిల్లీ బండ్ల మీద ‘సఫేదా’ అని అరుస్తుంటే కంగారు పడకండి, అది మన బంగినపల్లే. మన దగ్గర మామిడి అయిపోయే వేళకు ఇక్కడ దశేరీ, లంగ్డా, ఆ తర్వాత చౌసా దిగుతాయి. అంటే ఢిల్లీలో ఉన్నవాళ్లకు మామిడి కాలం ఆగస్టు దాకా సాగుతుంది. మేలో అమృతా షేర్‌గిల్ మార్గ్ మీద పొద్దున్నే ఒకసారి నడవండి. రెండు వైపులా రేల చెట్లు పసుపు గుత్తులతో వేలాడుతుంటాయి. ఇక్కడ అమల్తాస్ అంటారు. తొలి వానలతో పాటు లుట్యెన్స్ ఢిల్లీ రోడ్ల పక్కన నేరేడు చెట్ల కింద కాలిబాట ఊదారంగుకు తిరుగుతుంది. కొమ్మలెక్కి పళ్లు దులిపినవాళ్లు అక్కడే ఉప్పు చల్లి పొట్లం కట్టి అమ్ముతారు. ఆ రోజుల్లో తెల్ల చొక్కా వేసుకుని ఆ చెట్ల కింద నిలబడకపోవడమే మంచిది.