ప్రకాశవంతమైన తోకచుక్కల నిరీక్షణ: చరిత్ర

తోకచుక్క ఫలానా ఏడు వస్తుందని ముందే తెలుసుకుని, దాన్ని చూడాలని ఆశగా ఎదురుచూడడం 18వ శతాబ్దంలో మొదలైంది. అంతకుముందు అది చెప్పాపెట్టకుండా వచ్చేది, దాంతోపాటే రాజుకో రాజ్యానికో కీడు మూడిందన్న భయమూ వచ్చేది. చైనా చరిత్రకారులు క్రీ.పూ. 240లో కనిపించిన తోకచుక్కను నమోదు చేశారు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో కేతుచారం పేరుతో ఒక అధ్యాయమే రాశాడు. తరువాతి వెయ్యేళ్లలో ఈ దృష్టి పెద్దగా మారలేదు.

మార్పు తెచ్చినవాడు ఎడ్మండ్ హేలీ. 1531, 1607, 1682లలో కనిపించినది ఒకే తోకచుక్క అని, 1758లో మళ్లీ వస్తుందని 1705లో ప్రకటించాడు. 1742లో ఆయన కన్నుమూశాడు. గడువు దగ్గరపడేసరికి ఫ్రాన్సులో అలెక్సిస్ క్లేరో ఆ లెక్కను సరిచూసే పని చేపట్టాడు. గురు, శని గ్రహాల ఆకర్షణ వల్ల తోకచుక్క ఎంత ఆలస్యమవుతుందో అంచె అంచెలుగా గుణించాలి. ఇందులో ఆయనకు తోడైనవారు జెరోమ్ లలాండ్, నికోల్-రేన్ లెపోట్. ఆరు నెలలపాటు పొద్దున్నుంచి రాత్రిదాకా, ఒక్కోసారి భోజనాల దగ్గర కూడా లెక్కలు వేశామని లలాండ్ రాశాడు. గురుడి వల్ల 518 రోజులు, శని వల్ల 100 రోజులు, మొత్తం 618 రోజుల ఆలస్యం తేలింది. 1759 ఏప్రిల్ నడుమ, ఒక నెల అటూ ఇటూగా, తోకచుక్క సూర్యుడికి అతి సమీపానికి వస్తుందని 1758 నవంబరులో క్లేరో వెల్లడించాడు. తరువాత అచ్చయిన తన గ్రంథంలో ఆయన లెపోట్ పేరు ఎత్తలేదు. ఆమె లేకపోతే అంత పని తలకెత్తుకునేవాళ్లమే కాదని చెప్పి లలాండ్ న్యాయం చేశాడు.

పారిస్‌లో చార్లెస్ మెస్సియే నెలల తరబడి వెతికాడు గాని, చేతిలోని పటం అతణ్ణి తప్పుదారి పట్టించింది. 1758 డిసెంబరు 25 రాత్రి డ్రెస్డెన్ దగ్గర యోహాన్ పాలిచ్ అనే రైతు తన దూరదర్శినితో దాన్ని ముందుగా పట్టుకున్నాడు. 1759 మార్చి 13న అది సూర్యుణ్ణి చుట్టి వెళ్లింది. లెక్కలో తేడా నెల రోజులే. చేత్తో చేసిన గణితానికి ఇది మహత్తర విజయం.

19వ శతాబ్దంలో 1811, 1843, 1858, 1882లలో గొప్ప తోకచుక్కలు కనిపించాయి.

1910 మే నెలలో భూమి హేలీ తోకచుక్క తోకలోంచి సాగుతుందని, ఆ తోకలో సయనోజన్ అనే విషవాయువు ఉందని పత్రికల్లో రావడంతో పశ్చిమ దేశాల్లో జనం హడలిపోయారు. విరుగుడు మాత్రలు కూడా అమ్మారు. తోక మరీ పలుచన కావడంతో ఏ హానీ జరగలేదు. అదే ఏడాది వెలువడిన ‘ముత్యాల సరాలు’లో గురజాడ అప్పారావు తోకచుక్కను సంఘ సంస్కరణకు శుభసూచనగా చూపారు. తెలుగులో తోకచుక్కను భయంతో కాక ప్రేమతో పలకరించిన రచన అది. హైదరాబాదులో పెరిగిన వేణు బప్పు 1949లో హార్వర్డులో చదువుకుంటూ బార్ట్ బాక్, గోర్డన్ న్యూకర్క్‌లతో కలిసి ఒక కొత్త తోకచుక్కను కనుగొన్నారు.

దారి లెక్కకు దొరికినా, వెలుగు దొరకదు. ఎండ తగిలిన మంచు ఎంత ఆవిరవుతుంది, ఎంత ధూళి లేస్తుంది అన్నదానిపైనే కాంతి ఆధారపడుతుంది. 1973 మార్చిలో లుబోష్ కోహూటెక్ కనుగొన్న తోకచుక్క దేదీప్యమానంగా ఉంటుందని ఊరించారు, డిసెంబరు చివరికి అది వెలవెలబోయింది. ఆ నిరాశతో 1976 మార్చి వేకువల్లో అద్భుతంగా మెరిసిన వెస్ట్ తోకచుక్కను పత్రికలు పెద్దగా పట్టించుకోలేదు. 1986లో హేలీ వచ్చి సూర్యుణ్ణి చుట్టేవేళ భూమి ఆవలి వైపున ఉండడంతో మసకగానే కనిపించింది. 1995లో దొరికిన హేల్-బాప్ మాత్రం అంచనా తప్పలేదు, సుమారు ఏడాదిన్నర మామూలు కంటికే కనిపించింది. 2013 నవంబరులో ఐసన్ సూర్యుడి దగ్గరే ఛిన్నాభిన్నమైంది. 2024 అక్టోబరు సాయంత్రాల్లో సూచిన్‌షాన్-అట్లాస్ పడమటి దిక్కున దర్శనమిచ్చింది. హేలీ 2023 డిసెంబరులో తన దారిలోని అతి దూరపు కొస దాటి తిరుగుముఖం పట్టింది. అది మళ్లీ సూర్యుణ్ణి చేరేది 2061 జూలై చివర్లో.