జీతం రోజులకు, కూలి చీరకు

ప్రశ్న బోర్డు మీద ఉంది. నెల 2023 జూన్. ఉద్యోగికి బేసిక్ 12,000, ఇంటి అద్దె భత్యం 4,800, ఇతర భత్యాలు 3,700. సెలవులేమీ పెట్టలేదు. చేతికెంత వస్తుంది? పద్దు రాయండి.

హిందూపురంలో మేడమీద ట్యాలీ నేర్పే గది ఇది. వెనక వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది, కూర్చోండి. కంప్యూటర్లన్నీ ఆన్‌లోనే ఉన్నాయి కానీ ఎవరి చెయ్యీ కీబోర్డు మీద లేదు. సారు ముట్టనివ్వడు. "ముందు నోట్సులో పడల్ల. ఆ తర్వాతే మిషను" అంటాడు.

మీ ముందున్న అమ్మాయి బీకాం చివరి సంవత్సరం. ధర్మవరం నుంచి రైల్లో వస్తుంది. ఆమె పెన్ను వెంటే చూపు పోనివ్వండి. మొత్తం 20,500. పీఎఫ్ ఈ మొత్తం మీద కాదు, బేసిక్ మీద: 12 శాతం, 1,440. ఈఎస్ఐ మాత్రం మొత్తం మీదే: 0.75 శాతం, అంటే 153 రూపాయల 75 పైసలు. పైసలుంటే పై రూపాయికి చేర్చాలని నియమం, కాబట్టి 154. ఇక వృత్తి పన్ను. ఆంధ్రప్రదేశ్‌లో 15,000 దాకా ఏమీ లేదు, 20,000 దాకా 150, ఆపైన 200. ఈ ఉద్యోగి అయిదు వందల తేడాతో పై మెట్టు ఎక్కాడు. 200 వేసింది. అన్నీ పోగా 18,706.

పక్కనున్న పిల్లవాడికి 18,039 వచ్చింది. సారు వాడి పుస్తకం మీదికి వంగి చూసి నవ్వాడు. "యాజమాన్యం కట్టాల్సిన 667 కూడా పాపం ఆ ఉద్యోగితోనే కట్టిస్తివే!"

గదంతా నవ్వింది గానీ, ఈ లెక్కలో ఎక్కువమంది పడే గుంట ఇదే. ఈఎస్ఐలో యజమాని వాటా 3.25 శాతం, పీఎఫ్‌లో ఉద్యోగి ఎంత కడితే యజమానీ అంత. ఆ రెండూ కలిపి ఇక్కడ 2,107. అది జీతంలోంచి తెగదు, సంస్థ ఖర్చుల్లో కలుస్తుంది. అందుకే పద్దులు రెండు. మొదటి దాంట్లో జీతాల ఖాతాకు 20,500 డెబిట్, ఎదురుగా పీఎఫ్, ఈఎస్ఐ, వృత్తి పన్ను, ఇవ్వాల్సిన జీతం నాలుగూ క్రెడిట్. రెండో దాంట్లో యజమాని వాటా డెబిట్, అదే బాకీగా క్రెడిట్. ఉద్యోగి జేబులోకి 18,706 పోతుంటే, ఈ వాటాలతో కలిపి సంస్థకు అతని మీద అయ్యేది 22,607. ఈ రెండు అంకెల మధ్య దూరాన్ని ఎవరూ చెప్పకుండానే కనుక్కున్నవాడే అకౌంటెంటు అవుతాడని నా నమ్మకం.

ఆవర్జాలోకి ఎక్కించి అంకణా తీస్తున్నారిప్పుడు. ఆ అమ్మాయికి రెండు వైపులా కలవలేదు, 36 తేడా. సారు పుస్తకం చూడనైనా లేదు. "తొమ్మిదితో తెగుతుందా? తెగితే అంకెలు తిరగబడి ఉండొచ్చు." తెగింది. వెతికింది. 1,440ని ఒకచోట 1,404 అని ఎక్కించింది. ట్యాలీలో ఈ అవస్థ రాదు. రెండు వైపులా సరితూగకపోతే అది వోచరునే ఒప్పుకోదు. ఈ సారు ముందు కాగితం మీద రాయించడం చాదస్తమని కొందరంటారు. నేననను. తప్పు ఎక్కడ పుడుతుందో కాగితం మీదే కనిపిస్తుంది.

ట్యాలీ సాఫ్ట్‌వేర్ పుట్టిందీ పక్కనే, బెంగళూరులో, 1986లో. శ్యామ్ సుందర్ గోయెంకాకు బట్టల మిల్లులకు ముడిసరుకు, యంత్రభాగాలు సరఫరా చేసే వ్యాపారం. తన లెక్కలకు సరిపోయేది బజారులో దొరక్క, గణితం చదివిన కొడుకు భరత్‌తో రాయించుకున్నాడు.

చివరి అరగంట మిషను. పే హెడ్‌లు చేస్తున్నారు. హాజరు రకం దగ్గర 'ప్రొడక్షన్' అని ఒకటి తగిలింది. ఆ అమ్మాయి చెయ్యెత్తింది. "అది మనకొద్దులేమ్మా, పరీక్షలో రాదు" అని సారు ముందుకు పోయాడు.

సాయంత్రం ప్యాసింజరు. ఆ అమ్మాయికి కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదుటి బెంచీలో ఇద్దరు చింతపండు ధర గురించి వాదులాడుకుంటున్నారు. కరిపులి, ఫ్లవరు అని రకాలు చెబుతున్నారంటే హిందూపురం యార్డు నుంచే వస్తున్నట్టు. ఒకాయన జేబులోంచి పట్టీ తీసి కమీషను, హమాలీ మళ్లీ కూడుకుంటున్నాడు. ఈ సీమలో ఊరి లెక్కలు రాయడం తరాలపాటు కరణాల చేతిలోనే ఉండింది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ పదవులు తీసేసింది. ఇప్పుడు నేతగాని కూతురైన ఈ అమ్మాయి సంచిలో ఆవర్జా ఉంది.

పెనుకొండ. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు తలదాచుకున్న కొండ ఎదురుగానే ఉంది, రైల్లో ఎవరూ తలెత్తి చూడరు. బండెక్కేవాళ్లంతా ఫ్యాక్టరీ చొక్కాలవాళ్లు. ఇక్కడి ఎర్రమంచిలో కియా కర్మాగారం నుంచి 2019 ఆగస్టులో తొలి సెల్టోస్ బయటికొచ్చింది. దాని చుట్టూ విడిభాగాల సంస్థలు వెలిశాయి. జీతం చీటీలు ఎన్నడూ చూడని ఇళ్లలోకి పీఎఫ్ నంబర్లు వచ్చాయి.

వాళ్ల వీధి పిల్లవాడొకడు ఈ అమ్మాయిని చూసి పక్కకొచ్చి కూర్చున్నాడు. ఫోన్లో పాస్‌బుక్కు తెరిచాడు. "నాతో నెలకు 1,800 పట్టుకుంటాండారు. కంపెనీ కూడా అంతే ఏస్తాదంటారు కదా. ఈడ చూస్తే కంపెనీ వాటా 550. మిగతాది యాడికి పాయ?"

"యాడికీ పోలేదన్నా. పక్క గడి చూడు."

పెన్షన్ గడిలో 1,250 ఉంది. యజమాని వేసే 12 శాతంలో 8.33 పెన్షన్ నిధికి వెళ్తుంది, మిగతా 3.67 మాత్రమే పీఎఫ్‌లో జమ. 15,000 జీతానికి అది 1,250, 550. ఆ 15,000 పరిమితి 2014 సెప్టెంబరు నుంచి ఉన్నదే. "రెండూ కూడుకో." అతను కూడుకున్నాడు. 1,800. ధర్మవరం దాకా బండిలో ఇంకో ముగ్గురు ఫోన్లు చాచారు.

ధర్మవరం వీధుల్లో చీకటి పడినా మగ్గాల చప్పుడు ఆగలేదు. లోపలికి రండి, గడప దగ్గర తల వంచండి. గుంట మగ్గంలో కాళ్లు దించుకుని వాళ్ల నాయన, గోడవార కండెలు చుడుతూ అమ్మ. మగ్గం వీళ్లది, పట్టూ జరీ షావుకారువి. గూట్లో అట్ట చిరిగిన నోటుబుక్కు ఒకటుంది: ఎప్పుడు ఎంత పట్టు తెచ్చారు, ఎన్ని చీరలు ఇచ్చారు, అడ్వాన్సులో ఎంత తెగింది. ఒకచోట 24,000 అని గుండ్రం చుట్టి ఉంది. అది నేతన్న నేస్తం డబ్బు. ఆ పథకాన్ని 2019 డిసెంబరు 21న ఈ ఊళ్లోనే మొదలుపెట్టారు, సొంత మగ్గం ఉన్నవాళ్లకు ఏడాదికింత అని.

అమ్మాయి నోట్సులో కొత్త పేజీ తిప్పింది. పైన జూన్ అని రాసింది. బేసిక్ లేదు. భత్యం లేదు. పీఎఫ్ చట్టం సాధారణంగా 20 మంది పనిచేసే చోటికి వర్తిస్తుంది. ఈ గదిలో ఇద్దరున్నారు. కాబట్టి కోతల వరసలో ఒక్కటే మిగిలింది, అడ్వాన్సు.

"నాయనా, అడ్వాన్సు షావుకారు పుస్తకంలో ఆస్తి కిందికి వస్తాది."

"అట్లనా? మరి మన పుస్తకంలో?"

"బాకీ."

"అది సదువుకోకున్నా తెలుసులేమ్మా" అన్నాడాయన, మగ్గం పలక మీద చెయ్యి తీయకుండానే.

సారు దాటేసిన 'ప్రొడక్షన్' ఆమెకు ఇప్పుడు పనికొచ్చింది. రోజులు కాదు, చీరలు. అభ్యాసం కోసం చీరకు 4,000 కూలి, నెలకు 2,000 అడ్వాన్సు కోత అనుకుంది. రెండు చీరలు అయిపోయాయి, మూడోది మగ్గం మీద సగముంది. జూన్ 30 రాత్రి పుస్తకం మూసేటప్పుడు ఈ సగానికి ఏం రాయాలి? బోర్డు మీది ఉద్యోగికైతే పనిచేసిన ప్రతిరోజుకూ జీతం పుడుతుంది, చేతికి వచ్చేది ఎప్పుడైనా సరే. ఆ లెక్కన సగం చీరకు 2,000 రావాల్సిన కూలి అని పెట్టాలి.

"కోసినప్పుడే కూలి" అన్నాడు నాయన. "కోయకముందు అది చీరే కాదు."

"చేసిన పని చేసినట్టే కదా?"

"షావుకారుకు చెప్పు ఆ మాట!"

అమ్మ నవ్వింది. "నా కండెలు యాడ రాస్తాండావు?"

పెన్ను ఆగింది. కండెలకు విడిగా కూలి లేదు, అది చీర కూలిలోనే కలిసిపోయింది. ఆమె ఒక గీత గీసి, 4,000 పక్కన 'ఇద్దరికి' అని రాసింది. రెండు చీరలు 8,000. అడ్వాన్సు పోగా 6,000. కింద పెన్సిలుతో రావాల్సిన కూలి 2,000 అని విడిగా పెట్టి, పుస్తకం నాయనకు చూపించింది.

ఆయన పెన్సిలు గీతలు చదివి పుస్తకం వెనక్కిచ్చాడు. "అది చెరపొద్దులే. ముందు రెండే ఏసుకో. సగం చీర మాట జూలైలో చూసుకుందాం."