గనులలో శూన్యపూరణము

భూగర్భమునుండి ఖనిజమును త్రవ్వి తీసిన పిదప మిగులు ఖాళీని రాతితోగాని, ఇసుకతోగాని, ఖనిజశుద్ధి జరిగిన పిమ్మట మిగిలిన శిలాచూర్ణముతోగాని నింపి, చుట్టునున్న శిలాకుడ్యములను సడలకుండ నిలుపుటకు శూన్యపూరణమని పేరు. సింగరేణి కార్మికులు దీనిని స్టోయింగ్ అందురు.

పైనున్న భూభారమునంతను పూరణమే మోయునని పలువురు తలంతురు గాని అది సరికాదు. 3,000 మీటర్ల లోతున శిలలపై పడు బరువు చదరపు సెంటీమీటరునకు ఇంచుమించు 800 కిలోగ్రాములు కాగా, సిమెంటు కలిపిన పూరణము సైతము సాధారణముగ 10 మొదలు 50 కిలోగ్రాముల ఒత్తిడికే నలిగిపోవును. ఇంత దుర్బలమైన పదార్థము గోడనెట్లు నిలుపుననగా, కదలుటకు దానికి చోటీయకపోవుటచేతనే. పగుళ్లు వారిన శిలలో ఒక రాయి జారినచో దాని వెనుకది వదులగును, ఆపై మరియొకటి. ఆ మొదటి రాతిని పూరణము తావు వీడనీయదు. గోడలు లోనికి జరిగినకొలది తాను బిగిసి ఎదురొత్తుచు, శిల తన బలముచేతనే నిలుచునట్లు చేయును.

తొలినాళ్లలో వ్యర్థశిలలను చేతులతో పేర్చుటయే పద్ధతి. 3 కిలోమీటర్లు దాటిన లోతునకు దిగిన కోలారు బంగారు గనులలో, ఒత్తిడికి శిలలు ఒక్కుమ్మడి పగిలి చిమ్ముచుండగా, కలప దన్నులకు బదులు నల్లరాతి దిమ్మెల గోడలు కట్టిరి. నీటితో ఇసుకను గొట్టముల ద్వారా దింపు పద్ధతి 20వ శతాబ్ది ఆరంభమున సైలీషియా బొగ్గు గనులలో స్థిరపడి, పిమ్మట మన దేశమునకును వచ్చెను. దానిని ప్రోత్సహించుటకు 1939లో ప్రత్యేక శాసనమే వెలువడినది.

సింగరేణిలో గోదావరి ఇసుకను నీటితో కలిపి క్రిందికి వదలుదురు. బొగ్గు తీసిన ఖాళీకి అడ్డుగా దుంగలు పాతి, తడికెలు, గోనెగుడ్డ బిగింతురు. ఇసుక లోపల నిలువగా నీరు వడిసి బయటికి వచ్చును. ఈ పనియందెల్ల మిక్కిలి జాగరూకత వహింపవలసిన ఘట్టమిదియే. నీరు దిగక నిలిచిన యెడల అడ్డు తెగి, బురద ఒక్క పెట్టున మనుష్యులపై బడును. పైకప్పు క్రింద వెలితి మిగిలినచో, అంతమేర కప్పు క్రుంగిన పిదపగాని పూరణము దానికి అక్కరకు రాదు.

1960 ప్రాంతమున కెనడా గనులలో పూరణమునకు సిమెంటు కలుపుట ఆరంభమైనది. అటుపిమ్మట జర్మనీలోని బాడ్ గ్రుండ్ గనిలో నీరు వడియ నక్కరలేని చిక్కని ముద్ద నింపుట వృద్ధి పొందెను. గోదావరి ఇసుక కొరవడుటచే సింగరేణివారు ఇప్పుడు ఉపరితల గనుల తవ్వకపు మట్టిని శుద్ధిచేయగా వచ్చిన ఇసుకను సైతము వాడుచున్నారు.