పాత మోటారు బోటు కొనే ముందు: హజీరా సముద్రం చెప్పే పాఠాలు

హజీరా (సూరత్): తాపీ నది ఖంభాత్ సింధుశాఖ ముఖద్వారం వద్ద సముద్రంలో కలిసే చోట హజీరా ఉంది. ఉక్కు, ఎరువులు, సహజవాయువు, నౌకానిర్మాణ పరిశ్రమలకు ఇది కేంద్రం. భారత తీర రక్షక దళం వాడుతున్న అతివేగ గస్తీ బోట్లలో కొన్ని ఇక్కడి ఎల్ అండ్ టీ నౌకానిర్మాణ కేంద్రంలోనే తయారయ్యాయి. 2020 నవంబరు 8న ప్రారంభమైన ఘోఘా-హజీరా రో-పాక్స్ నౌక, రోడ్డు మార్గంలో సుమారు 370 కిలోమీటర్లున్న దూరాన్ని సముద్రం మీద 90 కిలోమీటర్లకు తగ్గించింది.

ఇదే జలాల్లో చిన్న మోటారు బోట్లు కూడా తిరుగుతుంటాయి. చేపల వేటకు, లంగరు వేసిన ఓడల వద్దకు మనుషులను, సరుకులను చేర్చడానికి, సొంత విహారానికి వాటిని వాడుతారు. కొత్త బోటు, కొత్త ఇంజిన్ కొనే స్తోమత చాలామందికి ఉండదు కనుక పాత బోటు వైపు మొగ్గుతారు. అయితే భూమి మీద ఆగిపోయిన పాత వాహనాన్ని తోసుకుపోవచ్చు గానీ, సముద్రంలో ఇంజిన్ ఆగిన బోటు ప్రవాహం తీసుకుపోయిన చోటికే పోతుంది. అందుకే తక్కువ ధర ఒక్కటే ప్రమాణం కారాదు.

ముందు సముద్రాన్ని తెలుసుకోవాలి

దేశంలో అత్యధిక ఆటుపోట్లు నమోదయ్యే ప్రాంతాల్లో ఖంభాత్ సింధుశాఖ ఒకటి. అవతలి ఒడ్డున భావనగర్ వద్ద పోటుకు, ఆటుకు మధ్య నీటిమట్టంలో తేడా 10 మీటర్లకు చేరుతుంది. ఇంత నీరు రోజుకు రెండుసార్లు రావడం, పోవడం వల్ల ప్రవాహాలు బలంగా ఉంటాయి. అమావాస్య, పౌర్ణమి దరిదాపుల్లో ఈ తీవ్రత అధికం, అష్టమి దరిదాపుల్లో తక్కువ. ప్రవాహానికి ఎదురుగా గాలి వీచినప్పుడు పొట్టివైన నిటారు అలలు లేస్తాయి. నీటిలో ఒండ్రు ఎక్కువ. ఆటు సమయంలో విశాలమైన బురద మేటలు బయటపడతాయి.

కొనుగోలుదారు నిర్ణయాలను ఈ మూడు లక్షణాలు శాసిస్తాయి. బలమైన ప్రవాహం ఇంజిన్ శక్తిని, నిటారు అలలు బోటు అడుగు ఆకృతిని, ఒండ్రు నీరు ఇంజిన్‌ను చల్లబరిచే వ్యవస్థను పరీక్షిస్తాయి.

అడుగు ఆకృతి

నదులకు, ఉప్పుటేరులకు తయారైన చదునైన అడుగు గల బోటు తక్కువ ఇంధనంతో నడుస్తుంది, కాని అలల మీద ప్రతి దెబ్బనూ మనిషి వెన్నుకు చేరవేస్తుంది. సముద్రానికి 'వి' ఆకారపు అడుగు అనుకూలం. వెనుక భాగం వద్ద అడుగు వాలు 20 నుంచి 24 డిగ్రీలు ఉంటే దానిని లోతైన 'వి' అంటారు. 1960లో అమెరికాలోని మయామీ నుంచి బహమాస్‌లోని నసావు వరకు జరిగిన పోటీలో, రే హంట్ రూపొందించిన ఇలాంటి అడుగు గల 'మాపీ' అనే బోటు గెలిచింది. ఆ తరువాత సముద్రపు వేగబోట్లకు ఈ ఆకృతే ప్రామాణికమైంది.

దీనికీ ఇబ్బందులున్నాయి. లోతైన 'వి' బోటు నిలిచి ఉన్నప్పుడు పక్కలకు ఎక్కువగా ఊగుతుంది, అదే వేగానికి ఎక్కువ శక్తిని కోరుతుంది. రోజంతా ఆగి వల లాగేవారికి వెడల్పైన, మధ్యస్థ వాలు గల బోటు మేలు. ఎక్కువ దూరం వేగంగా పోయి రావలసినవారికి లోతైన 'వి' మేలు. పని ఏదో తేల్చుకోకుండా బోటు చూడటానికి బయలుదేరరాదు.

ఫైబర్ దేహాన్ని పరీక్షించే తీరు

పాత బోట్లలో అధిక భాగం ఫైబర్‌గ్లాస్‌తో చేసినవే. పైపూత మెరిసినంత మాత్రాన లోపల గట్టిగా ఉన్నట్లు కాదు. బోటును ఒడ్డుకు చేర్చి, ఆరిన తరువాతే చూడాలి. చిన్న ప్లాస్టిక్ సుత్తితో లేదా నాణెంతో అంగుళం అంగుళం తట్టుతూ పోవాలి. గట్టి ఫైబర్ ఖణేలుమని పలుకుతుంది. పొరలు విడిపోయిన చోట, లోపలి చెక్క కుళ్లిన చోట శబ్దం మొద్దుబారుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంజిన్‌ను బిగించే వెనుక పలక. మన జాలరుల భాషలో పడవ ముందు భాగం అణియం, వెనుక భాగం అమరం. అమరం వద్దనున్న ఈ పలకలోకి బోల్టు రంధ్రాల గుండా నీరు దిగితే లోపలి చెక్క కుళ్లుతుంది. ఇంజిన్‌ను పైకెత్తి, దాని కింది భాగాన్ని పట్టుకొని పైకీ కిందికీ ఊపినప్పుడు పలక కదిలినా, బోల్టుల చుట్టూ నెర్రెలు కనిపించినా ఆ బోటును వదిలేయడమే ఉత్తమం. పలకను మార్చడం చిన్న మరమ్మతు కాదు.

లోపల అడుగున పొడవునా ఉండే బలపు దూలాలను, అవి అడుగుతో అతికిన చోట్లను దీపం పెట్టి చూడాలి. ఒకే చోట కొత్త రంగు కనిపిస్తే కారణం అడగాలి. బురద మేటల మీద, ఇసుక ఒడ్డుల మీద పదేపదే కూర్చున్న బోటుకు అడుగు మధ్యరేఖ అరిగి ఉంటుంది. పూత కింద చిన్నచిన్న నీటి బొబ్బలు కొద్దిగా ఉంటే భయపడనక్కరలేదు, ధర తగ్గించమని అడగవచ్చు. అడుగంతా వ్యాపిస్తే మాత్రం వద్దనుకోవాలి.

ఇంజిన్: గంటలే వయస్సు

సముద్రపు ఇంజిన్ వయస్సును సంవత్సరాలతో కాక నడిచిన గంటలతో లెక్కిస్తారు. అయితే ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్న తక్కువ గంటల ఇంజిన్ కంటే, క్రమంగా నడుస్తూ సక్రమంగా సర్వీసు పొందిన ఇంజిన్ నమ్మదగినది. సర్వీసు పుస్తకం లేదా బిల్లులు ఉంటే వాటిని అడిగి చూడాలి.

పెట్రోలు అవుట్‌బోర్డ్ ఇంజిన్‌లో ప్రతి సిలిండరు కంప్రెషన్‌ను కొలిపించాలి. సిలిండర్ల మధ్య తేడా పది శాతం మించితే లోపం ఉన్నట్లే. కింది గేరు పెట్టెలోని నూనె పాల రంగులో ఉంటే సీలు గుండా నీరు చేరిందని అర్థం. ఇంజిన్‌ను చల్లబరిచే నీరు బయటికి బలంగా, ఎడతెగకుండా రావాలి. ఒండ్రు నీటిలో తిరిగిన ఇంజిన్‌కు నీటిని తోడే రబ్బరు చక్రం త్వరగా అరుగుతుంది, లోపలి దారులు పూడుకుపోతాయి. కొన్న వెంటనే ఆ చక్రాన్ని మార్చి, అదనంగా ఒకటి బోటులో ఉంచుకోవాలి.

డీజిల్ ఇంజిన్‌ను పూర్తిగా చల్లారిన స్థితిలోనే మొదట చూడాలి. కొనుగోలుదారు వచ్చేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే మరొక రోజు రావడం మంచిది. స్టార్టు కావడంలో ఉన్న ఇబ్బందిని వేడి కప్పిపుచ్చుతుంది. పొగ రంగు కొంత చెబుతుంది. ఎడతెగని నల్ల పొగ అధిక భారాన్ని లేదా గాలి కొరతను సూచిస్తుంది. నీలి పొగ ఇంజిన్ నూనె మండుతోందని, తగ్గని తెల్ల పొగ ఇంధనం సరిగా మండటం లేదని లేదా నీరు చేరుతోందని తెలుపుతుంది.

ఇంధన ట్యాంకును మరువరాదు. దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. పాత రబ్బరు గొట్టాలను, కొన్ని పాత ఫైబర్ ట్యాంకులను దెబ్బతీస్తుంది. కాబట్టి గొట్టాలు మార్చడం, నీటిని వేరుచేసే ఫిల్టరు అమర్చడం కొనుగోలు ఖర్చులో భాగంగానే భావించాలి.

నీటి మీద పరీక్ష

నీటి మీద నడిపి చూడనిదే బయానా చెల్లించరాదు. ఎంతమంది ప్రయాణించబోతున్నారో అంత బరువుతో, కనీసం గంటసేపు నడపాలి. పూర్తి వేగంలో ఇంజిన్ తయారీదారు నిర్దేశించిన చక్రభ్రమణాల పరిధికి చేరాలి. చేరకపోతే పంకా సరిపడనిదై ఉండాలి, లేదా అడుగున నాచు పట్టి ఉండాలి, లేదా ఇంజిన్ బలహీనపడి ఉండాలి. ఉష్ణోగ్రత స్థిరంగా ఉండాలి. తిరిగి వచ్చాక బోటు అడుగున చేరిన నీటిని చూడాలి. ఆ నీరు ఎక్కడి నుంచి వచ్చిందో యజమాని చెప్పలేకపోతే కొనుగోలుదారే కనిపెట్టాలి.

కాలం కూడా కలిసి రావాలి. పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు 61 రోజులు యాంత్రిక చేపల వేటపై నిషేధం ఉంటుంది. గుజరాత్‌లో ఇటీవలి సంవత్సరాల్లో దీనిని ఆగస్టు మధ్య వరకు పొడిగిస్తున్నారు. ఆ రోజుల్లో బోట్లు ఒడ్డుకు చేరి, వాటి అడుగులు బయట కనిపిస్తాయి. దేహాన్ని అప్పుడు చూసి, నీటి పరీక్షను వాతావరణం కుదుటపడ్డాక పెట్టుకొని, ఆ షరతును ఒప్పందంలో రాయించుకోవడం వివేకం. తూర్పు తీరంలో నిషేధకాలం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు కనుక, ఆంధ్రప్రదేశ్‌లో కొనేవారు ఆ రోజులను వాడుకోవచ్చు.

అలంగ్ లైఫ్‌బోట్లు చౌకేనా?

హజీరాకు ఎదురుగా, సింధుశాఖ అవతల భావనగర్ జిల్లాలో అలంగ్ ఉంది. 1983 నుంచి అక్కడ పాత ఓడలను విడగొడుతున్నారు. వాటి నుంచి తీసిన సామగ్రితో పాటు నారింజ రంగు లైఫ్‌బోట్లు కూడా అక్కడి దుకాణాల్లో అమ్మకానికి వస్తాయి. దేహం గట్టిది, డీజిల్ ఇంజిన్ ఉంటుంది, ధర ఆకర్షిస్తుంది.

అయితే అవి ప్రాణరక్షణకు తయారైనవి, ప్రయాణానికి కాదు. అంతర్జాతీయ నిబంధనలు లైఫ్‌బోటు నుంచి కోరేది కనీసం 6 నాట్ల వేగం, 24 గంటలకు సరిపడే ఇంధనం మాత్రమే. ఎదురు ప్రవాహం 3 నాట్లుంటే ఆ వేగంలో సగమే మిగులుతుంది. నిశ్చల జలాల్లో పనికి అవి సరిపోవచ్చు, హజీరా వంటి చోట సరిపోవు. కొనేవారు విడగొట్టే యార్డు నుంచి అమ్మకపు పత్రం తప్పక తీసుకోవాలి. అది లేకుండా నమోదు కష్టం.

ఇంధనం లెక్క

నాలుగు స్ట్రోకుల పెట్రోలు ఇంజిన్ పూర్తి వేగంలో ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 0.3 లీటర్లు తాగుతుంది. డీజిల్‌కు ఇది సుమారు 0.2 లీటర్లు. 100 హార్స్‌పవర్ పెట్రోలు ఇంజిన్ మధ్యస్థ వేగంలో గంటకు 20 లీటర్లు తీసుకుంటుందని అనుకుంటే, హజీరా నుంచి ఘోఘా వరకున్న 90 కిలోమీటర్లు, అంటే సుమారు 49 నాటికల్ మైళ్లు, 20 నాట్ల వేగంతో దాటడానికి రెండున్నర గంటలు, 50 లీటర్లు పడుతుంది. మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ఆపదకు అన్నది నావికుల పాత సూత్రం. దాని ప్రకారం 150 లీటర్లు ఉండాలి. ట్యాంకు అంత పట్టకపోతే ఆ బోటు ఆ ప్రయాణానికి తగినది కాదు.

పత్రాలు, భద్రత

2008 నవంబరులో ముంబయిపై దాడి చేసిన ఉగ్రవాదులు గుజరాత్‌కు చెందిన 'కుబేర్' అనే చేపల బోటును అపహరించి వాడుకున్నారు. ఆ తరువాత తీరంలో బోట్ల నమోదు, తనిఖీలు కఠినమయ్యాయి. గుజరాత్‌లో నమోదైన చేపల బోటు సంఖ్య 'ఐఎన్‌డీ-జీజే' అక్షరాలతో మొదలవుతుంది. బోటు మీది సంఖ్య, పత్రంలోని సంఖ్య, ఇంజిన్ సంఖ్య మూడూ సరిపోలాలి. బోటుపై బ్యాంకు లేదా సహకార సంఘం రుణం మిగిలి ఉందేమో, విదేశీ ఇంజిన్ అయితే కస్టమ్స్ పత్రం ఉందో లేదో చూడాలి. చేపల వేటకు నమోదైన బోటును అద్దె ప్రయాణాలకు వాడరాదు. దానికి వేరే తనిఖీ, వేరే అనుమతి అవసరం. 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం స్థానంలో 2025లో పార్లమెంటు కొత్త చట్టాన్ని ఆమోదించింది కనుక, ప్రస్తుత నిబంధనలను నమోదు కార్యాలయంలోనే నిర్ధారించుకోవాలి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి గుజరాత్ రేవులకు వలస వచ్చి బోట్లపై పనిచేసే జాలరులకు ఈ విషయం కొత్త కాదు. 2018 నవంబరులో సముద్ర సరిహద్దు దాటారన్న ఆరోపణపై పాకిస్థాన్ అదుపులోకి తీసుకున్నవారిలో 20 మంది తెలుగు జాలరులు 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగి వచ్చారు. స్థానాన్ని చూపే జీపీఎస్, వీహెచ్‌ఎఫ్ రేడియో, అందరికీ లైఫ్‌జాకెట్లు ఈ తీరంలో విలాసాలు కావు. వీహెచ్‌ఎఫ్ 16వ ఛానెల్ ఆపద పిలుపులకు కేటాయించినది. తీర రక్షక దళం ఆపద నంబరు 1554.

సొమ్మును విభజించే పద్ధతి

చేతిలో 10 లక్షల రూపాయలుంటే ఆరున్నర, ఏడు లక్షలకు మించిన బోటు చూడకపోవడం మంచిది. మిగిలిన సొమ్ము నిపుణుడి తనిఖీకి, తొలి మరమ్మతులకు, గొట్టాలు, వైర్లు, బ్యాటరీలకు, భద్రతా పరికరాలకు, నమోదుకు, బీమాకు అవసరమవుతుంది. ఒంటరి ఇంజిన్ బోటు అయితే ఒడ్డుకు చేర్చగల చిన్న అదనపు ఇంజిన్‌కు కూడా ఇందులోనే చోటు కల్పించాలి. మొత్తం సొమ్ము బోటుకే పోస్తే తొలి మరమ్మతు అప్పుతోనే జరుగుతుంది, లేదా వాయిదా పడుతుంది. సముద్రంలో ప్రమాదకరమైనది ఆ వాయిదాయే.

నిపుణుడిని ఎంచుకునేటప్పుడు అమ్మేవారు సూచించిన మెకానిక్‌ను కాక, వేరే రేవు నుంచి ఒకరిని పిలవాలి. అతనితో పాటు ఆ జలాల్లో తిరిగిన తండేలును కూడా వెంటబెట్టుకోవడం మేలు. బోటు నడిపే పెద్దకు తెలుగు తీరంలోనూ, గుజరాత్ తీరంలోనూ దాదాపు ఒకటే పేరు. ఇంజిన్ లోపం మెకానిక్‌కు తెలుస్తుంది. ఆ బోటు ఎదురు పోటులో ఇల్లు చేరుతుందో లేదో తండేలుకు తెలుస్తుంది.