ఆవగింజ బంధువు

గోదావరిఖనిలో గని కార్మికుల క్వార్టర్ల వెనుక చిన్న చిన్న పెరళ్ళు కలవు. బచ్చలి తీగ, చిక్కుడు పందిరి, నాలుగు వంగమొక్కలు, ఒక కరివేప చెట్టు: ఇంతియే వాని సంపద. అయినను ఈ పెరళ్ళకొక చరిత్ర యున్నది. 1871లో విలియం కింగ్ ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. 1960 తరువాత గోదావరి యొడ్డున ఈ గనుల పట్టణము పెరిగెను. పనికి వచ్చినవారిలో పెక్కురు సేద్యపు కుటుంబములవారు. నాగలి విడిచి తట్టా చెమ్మసు పట్టిరి. కాని జానెడు మన్ను కనబడిన విత్తు నాటు అలవాటును విడువలేదు.

అట్టి పెరటిలో చైనా గోబి పండునా? అది బొత్తిగా పరాయి మొక్క యని తలచువారు కలరు. శాస్త్రచరిత్ర వేరుగా చెప్పుచున్నది.

మనము గోబిగడ్డ యని కొను కూర యూరపు సముద్రతీరముల జాతి. చైనా గోబి ఆ జాతిది కాదు. టర్నిప్ దుంపకు సోదరి. కొరియా తండ్రికి, జపాను తల్లికి 1898లో టోక్యోలో జన్మించిన ఊ జాంగ్‌చూన్ అను శాస్త్రజ్ఞుడు 1935లో ఆవ కుటుంబపు వంశవృక్షమును విప్పి చూపెను. చైనా గోబి జాతి బీజకణమున 10 క్రోమోసోములు, నల్ల ఆవ బీజకణమున 8 కలవు. ఆ రెండు జాతుల కలయికనుండియే 18 క్రోమోసోముల ఆవ పుట్టినది. మన పోపుల పెట్టెలో చిటపటలాడునది ముఖ్యముగా ఈ ఆవయే.

అంతతో ఊ జాంగ్‌చూన్ కృషి ముగియలేదు. కూరగాయల విత్తనములకు కొరియా రైతులు జపానుపై ఆధారపడియుండిరి. ఆయన 1950లో కొరియాకు వెళ్ళెను. ఆ యేడే యుద్ధము చెలరేగెను. అయినను 1959లో మరణించువరకు చైనా గోబికిని ముల్లంగికిని స్వదేశపు విత్తనములు సిద్ధపరచుటకు పాటుపడెను.

బంధుత్వ మున్నంతమాత్రమున వాతావరణము కుదురదు. చైనా గోబికి 15 మొదలు 20 డిగ్రీల చల్లదనము హితము. రామగుండమున వేసవి యెండ 45 డిగ్రీలు దాటు దినములు కలవు. కావున చలికాల మొక్కటియే అదను. అక్టోబరులో నారు పోసి, నాలుగు వారములకు వేరు చెదరకుండ, మాగిన పశువుల యెరువు కలిపిన మంటిలో మూరెడెడముగా నాటవలెను. వేరు లోతుగా పోదు గనుక నేల తడి యారరాదు. ఆకులపై బొగ్గుదుమ్ము పేరుకొన్న, గడ్డ కట్టకముందు ఉదయమున నీటితో కడుగవలెను.

డైమండు రెక్కల పురుగు దీనికి శత్రువు. గోబిగడ్డ పొలములలో ఆవను ఎరపంటగా వేయు పద్ధతిని బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారు రూపొందించిరి. 25 వరుసల గోబికి రెండు వరుసల ఆవ. పురుగు ఆవపై వ్రాలును, గోబి దక్కును. పెరటిలో మడిచుట్టు గుప్పెడు ఆవలు చల్లి, వానిపై వేపగింజల కషాయము పిచికారి చేసిన చాలునని మా అభిప్రాయము. బంధువును కాచుటకు ఆవకంటె తగిన కావలి యేది?

నాటుట ఆలస్యమైన ఫిబ్రవరి యెండకు గడ్డ కట్టదు, పూకాడ లేచును. అప్పుడును నష్టపోయితిమని పెరికివేయ నక్కరలేదు. లేతకాడ కూరకు వచ్చును. మిగిలిన కాడపై పసుపుపచ్చని పూలు పూయును. చేనిగట్టున ఆవపూలు చూచి పెరిగిన గని కార్మికునకు ఆ పూవు ఎవరి చుట్టమో ఒకరు చెప్పవలసిన పని యుండదు.