సమ్మెల మీద జనం కోపం: క్లాంగ్ నుంచి తెలుక్ ఇంతాన్ దాకా

మలేసియాలో సమ్మెల చరిత్ర అడిగితే సాధారణంగా వినిపించే కథ చాలా చిన్నది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందూ వెనకా ఎవరో కూలీలను రెచ్చగొట్టారు, సమ్మెలు కొట్లాటలయ్యాయి, రవాణా ఆగింది, రక్తం పారింది, జనం విసిగిపోయారు. అప్పుడు ప్రభుత్వం చట్టాలు బిగించింది, దేశం కుదుటపడింది. అక్కడ స్థిరపడిన మనవాళ్ల గురించి తెలుగులో వచ్చే వ్యాసాల్లో ఈమాత్రం ప్రస్తావన కూడా అరుదు. గుళ్లు, ఉగాది, పిల్లలకు తెలుగు బడి, 1955లో పుట్టిన ఆంధ్ర సంఘం, అంతటితో సరి. కూలీ గొడవలు అరవల వ్యవహారమన్నట్టు పక్కకు జరిపేస్తాం. ఈ రెండు కథలూ నాకు నమ్మకం కలిగించవు. ముఖ్యంగా మొదటి కథలో సంఘటనల వరస తారుమారైంది. హింస ముందు, చట్టం తర్వాత అంటారు. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలాచోట్ల ముందు వచ్చింది అరెస్టూ చట్టమూ.

తొలి దశ గురించి తెలిసిన సంగతులే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల కుటుంబాలు మలయాలోని తోటలకు వెళ్లాయి. దిగువ పేరాక్ కొబ్బరి తోటల్లో, బగాన్ దాతో, హుతాన్ మెలింతాంగ్ చుట్టుపక్కల, తెలుగు ఊళ్లనదగ్గ కూలి లైన్లు వెలిశాయి. ఒప్పంద కూలీ పద్ధతి 1910లో రద్దయ్యాక కంగాణి, అంటే కూలీలను సొంతూళ్ల నుంచి తెచ్చే మేస్త్రీ, చేతి మీదుగా వలసే రివాజైంది. తోటల్లో ఎక్కువమంది తమిళులు. తెలుగువాళ్లు, మలయాళీలు తక్కువ. అయితే ప్రభుత్వం కూలి రేటు కట్టేటప్పుడు అందరినీ కలిపి ‘దక్షిణ భారత కూలీలు’ అనే లెక్క వేసేది. అంచేత క్లాంగ్‌లో తమిళ కూలీకి ఏం దక్కిందన్నది పేరాక్‌లో మన కూలీకీ సంబంధించిన మాటే.

1938లో మగవాళ్ల రోజుకూలి 50 సెంట్ల నుంచి 45కి, ఆడవాళ్లది 40 నుంచి 35కి తగ్గింది. ఆ జూన్‌లోనే భారత ప్రభుత్వం తోటలకు సాయంతో జరిగే వలసను ఆపేసింది. తర్వాత యూరప్‌లో యుద్ధం మొదలై రబ్బరు ధర లేచింది. బియ్యం ధర కూడా లేచింది. పక్క తోటలో గుత్తకు పాలు గీసే చైనా కూలీకి తమకన్నా ఎక్కువ గిట్టుబాటవుతున్నదని ఇండియా నుంచి వచ్చిన కూలీలకు కళ్లముందే కనిపించేది. 1941 మొదట్లో సెలంగోర్‌లోని క్లాంగ్ జిల్లాలో మొదలైన సమ్మెలకు తక్షణ కారణం ఇదే, ఇందులో గుట్టేమీ లేదు.

అయితే క్లాంగ్‌ను కూలి గొడవగా మాత్రమే చదివితే సగం చదివినట్టే. క్లాంగ్ జిల్లా ఇండియన్ యూనియన్ తరఫున పత్రికా రచయిత ఆర్.హెచ్. నాథన్, ఆయన సహచరులు ముందుకు తెచ్చిన కోరికల్లో చైనా కూలీలతో సమానమైన వేతనం ఒకటి. మిగిలినవి చూడండి. కొట్టే దొరలనూ సిబ్బందినీ తొలగించాలి. తోటల్లో ఆడవాళ్లను చెరిచేవాళ్లను అదుపు చేయాలి. పిల్లలకు సరైన బడి, జబ్బు చేస్తే వైద్యం కావాలి. తోటలోని కల్లు దుకాణం మూసేయాలి. బంధువులు తోటలోకి వచ్చిపోనివ్వాలి. సంఘం పెట్టుకునే హక్కు, మాట్లాడే హక్కు ఉండాలి. దొర గానీ, ఆయన కింది ఉద్యోగి గానీ ఎదురైతే సైకిల్ దిగి నిలబడే అవమానం పోవాలి.

ఆ సైకిల్ కోరికను చాలామంది చరిత్రకారులు వింతగా ఉదహరించి వదిలేస్తారు. నాకది మొత్తం గొడవకు కేంద్రంగా కనిపిస్తుంది. దారి ఎవరిది, దాని మీద ఎవరు తలెత్తుకుని వెళ్లవచ్చు అన్న ప్రశ్న అది. తోట దారిలో సైకిల్ దిగనన్న కూలీ వల్ల తోటల యజమానులకు ఒక్క సెంటు కూడా నష్టం లేదు. అయినా కోరికలన్నిటిలోకీ వాళ్లకు మింగుడుపడనివి ఇలాంటివే. కూలి రేటు మీద బేరానికి దిగారు. ఏడాది మొదట్లో వచ్చిన సమ్మెల్లో కొంత పెంచారు కూడా. మర్యాద మీద మాత్రం బేరం కుదరలేదు.

మే 6న నాథన్‌ను అరెస్టు చేశారు. అంతకుముందు సమ్మెలు పూర్తిగా ప్రశాంతంగా సాగాయని నేననను. పనికి వెళ్లేవాళ్లను అడ్డుకోవడం, బెదిరించడం ఉన్నాయి. గాంధీ టోపీలు పెట్టుకుని గుంపులుగా తిరిగే కూలీలను చూసి తోటల యజమానులు నిజంగానే భయపడి ఉండవచ్చు. కానీ సమ్మె ఉప్పెనలా తోటల మీదుగా పాకింది అరెస్టు తర్వాతే. నాయకుణ్ని వదలమని వేలాది కూలీలు బయల్దేరారు. సుమారు 20,000 మంది పని మానేశారని చరిత్రకారుల అంచనా. మే 16న సెలంగోర్‌లో అత్యవసర పరిస్థితి ప్రకటించి సైన్యాన్ని దింపారు. ఆ సైనికులూ ఇండియా నుంచి వచ్చినవాళ్లే. కాల్పుల్లో ఐదుగురు కూలీలు చనిపోయారు. కొన్ని వందల మందిని నిర్బంధించారు. నాథన్‌ను దేశం నుంచి పంపేశారు. మరికొందరు దేశబహిష్కారానికి గురయ్యారు, ఇంకొందరు తామే ఓడ ఎక్కారు.

వలస పాలకులు దీన్ని యుద్ధకాలపు కుట్రగా చూశారు. రబ్బరు యుద్ధానికి ప్రాణాధారం, అందుచేత సమ్మె ద్రోహం. ఈ వాదనను పూర్తిగా కొట్టిపారేయలేం. జపాన్ ముప్పు కల్పన కాదు. ఆ డిసెంబరు 8న జపాన్ సైన్యం కోటా భారూ తీరంలో దిగనే దిగింది. నాథన్ వంటివాళ్ల మాటల్లో భారత జాతీయోద్యమపు వేడి కూడా కావలసినంత ఉంది. కానీ కుట్రే కారణమైతే కోరికల చిట్టాలో కల్లు దుకాణం, బడి, సైకిల్ ఎందుకుంటాయి? కుట్రదారులకు ఇంత ఇంటి బాధ అక్కర్లేదు. ఇంకొక మాట. క్లాంగ్‌లో కమ్యూనిస్టుల పాత్ర స్వల్పం. మలయా సమ్మెలన్నిటినీ ఒకే గాటన కట్టి ‘ఎర్ర హింస’ అనేవాళ్లు ఈ సమ్మెను ఎక్కడ పెట్టాలో తెలియక దాటిపోతారు.

యుద్ధం తర్వాత కమ్యూనిస్టుల పాత్ర స్వల్పం కాదు. అఖిల మలయా కార్మిక సంఘాల సమాఖ్య వాళ్ల పట్టులోనే ఉంది. 1946 నుంచి 1948 దాకా తోటల్లో, రేవుల్లో, గనుల్లో సమ్మెలు వరసగా వచ్చాయి. బెదిరింపులు, దాడులు, కొన్నిచోట్ల హత్యలు జరిగాయి. మామూలు జనం భయపడ్డారంటే ఆశ్చర్యం లేదు. అదే కాలంలో కెడాలోని బెడోంగ్ చుట్టుపక్కల కల్లు మానేయమని ప్రచారం చేసిన కూలీల దళాల మీద 1947లో పోలీసులు విరుచుకుపడ్డారు. 1948 జూన్ 1న జోహోర్‌లో సెగామట్ దగ్గరి తోటలో పోలీసు లాఠీల దెబ్బలకు పలువురు చైనా కూలీలు ప్రాణాలు విడిచారు. మొదట చెప్పిన చిన్న కథలో ఈ చావులకు చోటుండదు.

తేదీల వరస ఇక్కడ మరీ ముఖ్యం. 1948 జూన్ రెండో వారంలో కార్మిక సంఘాల చట్టాన్ని సవరించారు. ఒకే వృత్తికో పరిశ్రమకో చెందిన సంఘాలు మాత్రమే సమాఖ్యగా కలవవచ్చు. నాయకులకు ఆ పనిలో మూడేళ్ల అనుభవం ఉండాలి. దాంతో పెద్ద సమాఖ్య చట్టవిరుద్ధమైంది. సుంగై సిపుట్‌లో ముగ్గురు యూరోపియన్ తోట అధికారులను కాల్చి చంపింది జూన్ 16న. మలయాలో అత్యవసర పరిస్థితి ప్రకటించింది ఆ తర్వాతే. సంఘాలను కట్టడి చేసిన చట్టం తుపాకీకి జవాబుగా వచ్చిందన్న మాట అందుకే నిలవదు. తుపాకీ పేలకముందే బహిరంగంగా పనిచేసే దారి మూసుకుపోయింది. ఆ మూతే కమ్యూనిస్టులను అడవిలోకి పంపిందని నేననను. వాళ్లలో కొందరు అప్పటికే సాయుధ పోరాటానికి మొగ్గారు. నేననేది ఇంతే: కూలి రేటు కోసం మాత్రమే సంఘంలో చేరిన మామూలు మనిషి చట్టానికీ తుపాకీకీ మధ్య దిక్కులేనివాడయ్యాడు. సమాఖ్య అధ్యక్షుడు ఎస్.ఎ. గణపతిని ఆయుధం కలిగి ఉన్నాడన్న అభియోగం మీద 1949 మే 4న పుడు జైలులో ఉరితీశారు.

నా వాదనకు ఎదురు నిలిచే సంఘటన ఒకటుంది. దాన్ని దాచడం న్యాయం కాదు. 1955లో సింగపూర్‌లో హాక్ లీ బస్సు కంపెనీ సమ్మె. సంఘంలో చేరినవాళ్లను కంపెనీ పనిలోంచి తీసేసింది, కార్మికులు డిపో గేట్ల ముందు బైఠాయించారు, చైనా బడుల విద్యార్థులు వాళ్లకు అన్నం తెచ్చారు. మే 12న అది అల్లర్లుగా మారి నలుగురు చనిపోయారు. వాళ్లలో ఇద్దరు పోలీసులు, ఒక విద్యార్థి, ఒక అమెరికన్ విలేకరి. అక్కడ గుంపు చేసిన హత్యలను ఏ కూలి రేటూ సమర్థించలేదు. ఆ రాత్రి తర్వాత బస్సు కోసం నిలబడిన సామాన్యుడికి సమ్మె అనే మాట వింటేనే ఒళ్లు మండిందంటే తప్పు పట్టలేను.

తప్పు ఆ కోపాన్ని అన్ని సమ్మెలకూ పులమడంలో ఉంది. 1962 డిసెంబరులో మలయా రైల్వే కార్మికులు రోజుకూలి పోయి నెలజీతం కావాలని సుమారు మూడు వారాలు దేశమంతటా రైళ్లు ఆపారు. ఆ కార్మికుల్లో భారతీయ సంతతివాళ్లు పెద్దసంఖ్యలో ఉన్నారు. జనానికి ఇబ్బంది కలిగింది, రక్తం పారలేదు, కోరిక చాలావరకు నెరవేరింది. బహుశా అందువల్లే జనం నోట ఆ సమ్మె మాట వినిపించదు. ప్రభుత్వం మాత్రం మరిచిపోలేదు. ఇండొనేసియాతో ఘర్షణ నడుస్తున్న 1965లో అత్యవసర సేవల్లో సమ్మెలను కట్టడి చేస్తూ నిబంధనలు తెచ్చింది. 1967 పారిశ్రామిక సంబంధాల చట్టం రవాణాను అత్యవసర సేవల జాబితాలో పెట్టింది. నోటీసిచ్చి 21 రోజులు ఆగాలి. మంత్రి వివాదాన్ని పారిశ్రామిక న్యాయస్థానానికి పంపితే ఇక సమ్మె కుదరదు. 1979లో విమాన సంస్థ వివాదంలో రవాణా కార్మికుల సంఘం కార్యదర్శి వి. డేవిడ్‌ను అంతర్గత భద్రతా చట్టం కింద నిర్బంధించారు. ఆయన అప్పటికి పార్లమెంటు సభ్యుడు కూడా. మరుసటి ఏడు చట్టాలు ఇంకా బిగిశాయి. నేడు మలేసియా కార్మికుల్లో సంఘాల్లో ఉన్నది నూటికి ఆరుగురికి అటూ ఇటూ.

మన దగ్గర పరిస్థితి వేరు. 2024 జనవరి 2న హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు కిలోమీటర్ల క్యూలు ఎవరూ మరిచిపోలేదు. ఢీకొట్టి పారిపోయే డ్రైవర్లకు పదేళ్ల దాకా జైలు వేయగల, కొత్త శిక్షాస్మృతిలోని సెక్షన్ మీద లారీ, ట్యాంకర్ డ్రైవర్లు బండ్లు ఆపారు. జనం తిట్టుకున్నారు. కొన్ని రాష్ట్రాల్లో రాళ్లూ పడ్డాయి. ఆ రాత్రికే కేంద్ర హోంశాఖ కార్యదర్శి లారీ యజమానుల సంఘంతో మాట్లాడారు. జూలై 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చినా ఆ ఉపసెక్షన్‌ను పక్కన పెట్టారు. డ్రైవర్లు కోరింది సబబా కాదా అన్నది వేరే చర్చ. జనం కోపం, డ్రైవర్ కోపం ఒక బల్ల దగ్గరికైనా చేరాయి.

మలేసియాలో లారీల సమ్మె లేదు. జనం కోపం లేకపోలేదు. 2025 మే 13న పేరాక్‌లోని తెలుక్ ఇంతాన్ దగ్గర, చికుస్–సుంగై లంపాం రోడ్డు మీద, చిత్తిరై ఉత్సవం బందోబస్తు ముగించుకుని వస్తున్న రిజర్వు పోలీసుల ట్రక్కును కంకర లారీ ఢీకొట్టింది. తొమ్మిదిమంది పోలీసులు చనిపోయారు. మన పూర్వీకులు కొబ్బరి తోటల్లో పనిచేసిన దిగువ పేరాక్ అదే. దేశం కోపంతో ఊగిపోయింది. లారీల కంపెనీలపై తనిఖీలు జరిగాయి, బరువెక్కువ బండ్ల మీద కేసులు పడ్డాయి, అక్టోబరు 1 నుంచి వేగనియంత్రణ పరికరాలు దశలవారీగా తప్పనిసరి అయ్యాయి. ఇవన్నీ కావలసినవే. కానీ ట్రిప్పు లెక్కన డబ్బు తీసుకునే డ్రైవర్‌కు ఎక్కువ సరుకు, ఎక్కువ వేగం, తక్కువ నిద్ర తప్ప సంపాదన పెంచుకునే దారి లేదు. బరువు ఎక్కువైంది, బండి నడపను అని ఒంటరిగా అన్న డ్రైవర్ రేపు ఉద్యోగంలో ఉండడు. వందమంది కలిసి అంటే అంతమందినీ తీసేయడం కష్టం. అలా కలిసి కాదనే అలవాటును ఈ దేశం ముప్ఫై, నలభై ఏళ్లపాటు పట్టుబట్టి చెరిపేసింది. తెలుక్ ఇంతాన్ ప్రమాదానికి ఇదొక్కటే కారణమని నేననను. దర్యాప్తుల్లో ఈ ప్రశ్నకు తగిన చోటు దక్కలేదని మాత్రం అంటాను.

2024 సెప్టెంబరు 15న అమల్లోకి వచ్చిన సవరణ, ఒకే వృత్తి లేదా పరిశ్రమ అన్న కట్టుబాటును తొలగించి, వేర్వేరు పనులవాళ్లు ఒకే సంఘంలో చేరే వీలు కల్పించింది. 1948లో మొదలైన ఆలోచన 76 ఏళ్ల తర్వాత చట్టంలోంచి పోయింది. 2025 ఆగస్టులో యాప్‌ల ద్వారా పనిచేసే కార్మికుల బిల్లును దిగువసభ ఆమోదించింది. మంచిదే. నా సందేహం ఒక్కటే. ఎస్టేట్ లైన్లలో వెయ్యిమంది ఒకే బావి దగ్గర కలుసుకునేవాళ్లు, సంఘం అక్కడ పుట్టేది. లారీ డ్రైవర్లు రోజుకొక ఊళ్లో ఉంటారు, ఉపకాంట్రాక్టరు కింద పనిచేస్తారు, చాలామందికి తమతో పనిచేసే తోటివారి పేర్లు కూడా తెలియవు. చట్టం అనుమతించిన సంఘంలో వాళ్లను చేర్చడానికి ఎవరు ఏ యార్డుకి వెళుతున్నారు?