కొటేషన్ల బయట ఎవరు మాట్లాడుతున్నరు?

కథల భాష – 5వ భాగం



పోయిన వారం మా మెదక్‌ల డిగ్రీ చదివే పిల్లగాడొకడు కథ రాసి తెచ్చిండు. నాట్లేసే కూలికి పోయే తన తల్లి మీద. తల్లి నోరు తెరిచిన కాడల్లా భాష పచ్చగున్నది: "బువ్వ తిన్నవా బిడ్డా, ఇంత సల్ల పోసుకో." కొటేషన్ మూయంగనే "ఆమె వంటగదిలోకి వెళ్లి భోజనం వడ్డించింది" అని ఉన్నది. వాళ్లది ఒకటే అర్ర, వంటగది లేదు. "ఇదేంది?" అని అడిగిన. "కథ చెప్పేటోడు మంచి భాషల చెప్పాలె గద మేడం" అన్నడు.

ఆ మాట నాకు కొత్త కాదు. నా పీహెచ్‌డీ అధ్యాయం ఒకటి మార్జిన్ల "భాష మొరటుగా ఉంది" అనే రాతతోని వాపసు వచ్చింది. ఎర్రగీత పడ్డది నా విశ్లేషణకు కాదు, మా అవ్వ మాటకు. నేనేం చేసిన? ఆ మాటకు కొటేషన్లు పెట్టి, కింద అర్థం రాసి మళ్ల పంపిన. సిగ్గుతోనే చెప్తున్న.

మంచి భాష కొటేషన్ల బయట, మన భాష లోపల – ఈ పంపకం ఎప్పుడు జరిగింది?

గురజాడ 'దిద్దుబాటు' 1910ల 'ఆంధ్రభారతి'ల అచ్చయింది. గ్రాంథికం రాజ్యమేలే కాలంల మాట్లాడే భాషను కథలకు తెచ్చిన ఘనత ఆయనది. దాన్ని తక్కువ చేయొద్దు. కానీ చదివేటప్పుడు ఒకటి గమనించున్రి. నౌకరు రాముడు ఒక తీరు మాట్లాడతడు, యజమాని గోపాలరావు ఇంకో తీరు. కథ చెప్పే గొంతు మాత్రం ఎన్నడూ రాముని తీరు మాట్లాడదు. వాడుక భాష కోసం కొట్లాడిన గిడుగు రామమూర్తి సవరల భాష నేర్చుకొని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారు చేసిన మనిషి. అయినా అచ్చులకు ఎక్కిన వాడుక భాషకు ముందట 'శిష్ట' అనే మాట అతుక్కున్నది. శిష్టులెవరో విడమరిచి చెప్పాల్నా? కోస్తా జిల్లాల చదువుకున్న పై కులాల మాట ప్రమాణమైంది. మిగిలినోళ్ల మాట 'యాస' అయ్యి కొటేషన్ల లోపలికి పోయింది. వాడ ఊరికి బయట ఉన్నట్టే.

ఇంకో పరీక్ష చెప్త. ఇంగ్లిషుల దొరకైనా జీతగానికైనా 'హి' ఒకటే. తెలుగుల అట్ల కుదరదు. 'వాడు', 'అతను', 'ఆయన'ల నుంచి ఒకటి ఎంచుకోవాలె. సర్వనామం వదిలేసినా 'వచ్చిండు', 'వచ్చిన్రు' అని క్రియ చివర మర్యాద బయట పడతది. ఆడోళ్ల కాడ 'అది', 'ఆమె' తేడా మీకు తెలుసు. డెబ్బయేండ్ల మాదిగ పెద్దమనిషిని 'వాడు' అని, ఇరవయ్యేండ్ల దొర కొడుకును 'ఆయన' అని రాసినంక, ఆ కథల ఎంత జాలి ఒలకబోసినా కథకుడు నిలబడ్డ జాగ దొరికిపోతది. స్వరం అంటే ఇదే. నీతి వాక్యంల కాదు, క్రియ చివర వెతకాలె.

1980లల్ల నామిని చిత్తూరు మాటతోనే మొత్తం కథ నడిపి, యాసను కొటేషన్ల బయటికి తెచ్చిండు. అది ప్రాంతం గెలిచిన గెలుపు. కులం లెక్క అట్లనే మిగిలింది. 1985ల కారంచేడు, 1991ల చుండూరు తర్వాత దళిత సాహిత్యం ఉద్యమమై లేచింది. అంతకు ముందు మనోళ్లు రాయలేదని కాదు, కొలకలూరి ఇనాక్ 'ఊరబావి' ఉన్నది. కానీ నాగప్పగారి సుందర్రాజు 'మాదిగోడు', ఎండ్లూరి సుధాకర్ 'మల్లెమొగ్గల గొడుగు', తాండూరు దిక్కు మాటతోని గోగు శ్యామల రాసిన కథలు వచ్చినంక, వాడల మనిషే కథ చెప్పుడు మొదలైంది. డప్పు, తోలు, కూర – వేటికీ సంజాయిషీ లేదు. జాలి పోయి నవ్వు, కోపం, గర్వం వచ్చినయి. శ్యామల కథలు 2012ల ఇంగ్లిషు పుస్తకమయినయి. అక్కడ 'హి', 'షి' అంటే సరిపాయె. తెలుగుల ఆమె ఎంచుకున్న మర్యాద మాత్రం తెలుగుల చదివితేనే దొరుకుతది.

"మీకు మంచి భాష రాదు" అనేటోళ్లకు మా ఊరి చర్చి చూపిస్త. కరువు కాలంల పేదలు కూలి చేసి కట్టిన ఈ చర్చి 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది. ఆదివారం పొద్దున అక్కడ మా తల్లులు 'సెలవిచ్చెను', 'పలికెను' అని బైబిలు గ్రాంథికం గడగడ చదువుతరు. బయటికొచ్చి మేకను ఇంటి భాషల తిడతరు. రెండు భాషలు వచ్చినోళ్లు ఏది ఎప్పుడు వాడాల్నో ఎరిగినోళ్లు. యాస లోటు కాదు, ఎంపిక.

ఇది చెప్పినంక పిల్లగాడు కథ తిరగరాసిండు. "మాయమ్మ పొయ్యి కాడ కూసొని నాకు బువ్వ పెట్టింది." కొటేషన్ల బయట. చదివి తలకాయ ఊపిన. ఆయన కాగితం మడుచుకుంట అడిగిండు: "మేడం, పరీక్షల ఇట్ల రాస్తే మార్కులు వేస్తరా?"

"నేను దిద్దితే వేస్త. వేరేటోళ్ల చేతుల పడితే చెప్పలేను" అన్న. నా కాడ ఇంతకంటే నిజమైన జవాబు లేదు.

విద్యార్థులకు ఒక పని. మీ పాఠ్యపుస్తకంల ఏదన్న ఒక కథ తీసుకోండ్రి. ఎవరు 'వాడు', ఎవరు 'ఆయన' అయ్యిన్రో రెండు వరుసల రాయిన్రి. పక్కన వాళ్ల కులం రాయిన్రి. వచ్చే భాగంల మీ లెక్కలతోనే మొదలు పెడదాం.

జై భీమ్.